కత్తెరకు రెండో కత్తి

తిరువూరులో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అమెరికా ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్‌తో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. మా అధ్యాపకుల గదిలో ఆయన పేరు రెండు విధాల విన్నాను. ఇక రైతు ఎప్పుడు అమ్మాలో కృత్రిమ మేధే చెబుతుందనీ, దానికి పునాది వేసిన మహానుభావుడు సైమనేననీ ఒకరు పొంగిపోయారు. మన సంఘ మిత్రుడే మరొకరు, "అమెరికా వైమానిక దళం సొమ్ముతో పనిచేసినవాడు, వదిలేయండి" అని కొట్టిపారేశారు. ఇద్దరూ చదవకుండానే మాట్లాడారని నా అభియోగం.

సర్వం తెలిసి, సర్వం లెక్కగట్టి, అత్యధిక లాభాన్నే ఎంచుకునే "ఆర్థిక మానవుడు" బూర్జువా అర్థశాస్త్రపు ముద్దుబిడ్డ. 1947లో వెలువడిన పరిపాలనా ప్రవర్తన గ్రంథంలోనూ, 1950ల వ్యాసాలలోనూ సైమన్ ఆ బొమ్మ గాలి తీశాడు. మనిషికి తెలిసింది కొద్ది, వ్యవధి కొద్ది. ఇది చాలుననుకున్నచోట వెతుకులాట ఆపుతాడు. 1978లో నోబెల్ బహుమానం వచ్చింది ఇటువంటి కృషికే. ఆ వెతుకులాటనే యంత్రానికి నేర్పాలని 1956లో న్యూయెల్, షాలతో కలిసి తర్క సిద్ధాంతాలు నిరూపించే ప్రోగ్రాము తయారుచేశాడు. అంటే, దారులన్నీ చూడలేనని ఒప్పుకుంటూ పుట్టిన యంత్రం అది! దాన్ని సర్వజ్ఞునిగా పూజించడమేమిటి? (పదేళ్లలో యంత్రం చదరంగంలో జగజ్జేత అవుతుందని 1957లో సైమనే అన్నాడు, 1997 దాకా ఆగవలసివచ్చింది. చాలుననుకోవడం ఆయనకూ చేతకాలేదు.)

ఇది దూరపు ముచ్చటా కాదు. మన కాటూరు రాజ్ రెడ్డి 1969లో చేరింది సైమన్ ఉన్న కార్నెగీ మెలన్‌లోనే. ఆయన తొలి ఛాన్సలర్‌గా ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం మా పొరుగునే, నూజివీడులో ఉంది.

1990లో సైమన్ ఒక పోలిక చెప్పాడు. మనిషి నిర్ణయం కత్తెర వంటిది: ఒక కత్తి అతని బుర్ర, రెండోది అతడున్న పరిస్థితి. తర్వాత వచ్చిన ప్రవర్తనా అర్థశాస్త్రజ్ఞులలో అధికులు మొదటి కత్తినే నూరారు. మనిషి పొరబడతాడు గనుక సుతారంగా తట్టి దారిలో పెట్టాలని 2008లో థేలర్, సన్‌స్టీన్‌లు పుస్తకమే రాశారు.

మా పక్క కౌలుకు పత్తి వేసేవాణ్ణి తీసుకోండి. నెలాగితే ధర వస్తుందని అతనికి తెలియకనా? అప్పు పెట్టిన వ్యాపారికే పంట తోలాలి. బ్యాంకుకు పోదామంటే సాగుదారు కార్డు కావాలి. దానికి 2019 చట్టం భూయజమాని అంగీకారాన్ని షరతు పెట్టింది. సంతకం పెడితే భూమి చేజారుతుందని యజమాని బెదురు. ఫోనులోని యంత్రం "ఆగు" అంటుంది. సరిగ్గానే చెబుతుంది. ఆగేదెట్లా?

సైమన్ రెండో కత్తిని చూశాడు, దాన్ని సానపట్టిన చేయి ఎవరిదని అడగలేదు. అక్కడ నాకు ఆయనతో తగాదా ఉంది. కాని "వదిలేయండి" అన్న మిత్రుడు ఆ ప్రశ్ననూ వదిలేశాడు. కాదంటారా, ముందు సైమన్‌ను చదివి ఈ పత్రికలోనే రాయండి, బదులు చెబుతాను.