విసిగినవాడా, విసిగించువాడా?

స్పానిష్ భాషలో 'మొలెస్తో' అను విశేషణమొకటి కలదు. 'ఉండు' అను అర్థముగల రెండు క్రియలలో 'సెర్'తో చేరినచో విసిగించువాడు, 'ఎస్తార్'తో చేరినచో విసిగినవాడు అని దాని అర్థము. తెలుగున ఈ భేదమును 'ఇంచు' అను ప్రత్యయమే తేల్చును.

మన నుడికారమునను తరతమములు కలవు. అంటి వదలనిది జిడ్డు. చెప్పినను విననిది మొండి. చెప్పినదానికి ఎదురు నిలుచునది పెంకి. ఒకదానిచోట వేరొకటి చెల్లదు.

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో, నేటి ఎన్.టి.ఆర్. జిల్లా నందిగామ చెంత, 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరమువద్ద జాతీయ రహదారిని ముంచినది. దారిలో చిక్కిన ప్రయాణికునకు అది చిరాకు. చేను మునిగిన రైతునకు అట్టి వరద చిరాకు కాదు, నష్టము.

నందిగామలో గాని, జగ్గయ్యపేటలో గాని, పరిహారమునకై కచేరి గడప పదేపదే తొక్కు రైతును జిడ్డు అనుట సులభము. అర్జీ కదలనంతకాలము అతడు తిరుగక తప్పదు. అతడు విసిగించువాడు కాడు, విసిగినవాడు. మొండి అన్న మాట కదలని ఆ కాగితమునకే చెల్లును. అధికారులును, పత్రికలును మనుష్యునకు విశేషణము తగిలించుటకు ముందు, ఎవరు ఎవరిని విసిగించిరో విచారింపవలెను.