మార్షల్ వేషం మాకొద్దు, బిల్లు మేం రాస్తాం

నవంబరు 26 వచ్చిందంటే బడుల్లో రాజ్యాంగ పీఠిక చదివిస్తారు. కాస్త ఓపికున్న హెడ్మాస్టరైతే మాక్ అసెంబ్లీ కూడా పెట్టిస్తాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిపింది. పిల్లలు మైకు ముందు నిలబడి బెరుకు లేకుండా మాట్లాడితే మాకూ సంతోషమే. వెక్కిరించడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. మేం అడిగేది ఒక్కటే. ఈ సభల్లో బిల్లు ఎవరు రాస్తున్నారు?

ఈ తంతు ఇవాళ్టిది కాదు. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల సమావేశం సిఫార్సు చేస్తే, 1966-67లో పార్లమెంటరీ వ్యవహారాల శాఖ ఢిల్లీ బడుల్లో యూత్ పార్లమెంట్ పోటీలు మొదలుపెట్టింది. తర్వాత కేంద్రీయ విద్యాలయాలకూ, నవోదయలకూ, యూనివర్సిటీలకూ పాకింది. అన్నిచోట్లా ఒకటే వరస. ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం, ప్రశ్నోత్తరాలు, ఆఖర్న ఒక బిల్లు. గంటలో సభ ముగియాలి. క్రమశిక్షణకు మార్కులుంటాయి.

మేం ఇరవై ఏళ్ళుగా చూస్తున్నది చెబుతాం. స్క్రిప్టు సోషల్ మాస్టారు రాస్తాడు, పిల్లలు కంఠతా పడతారు. ప్రధానమంత్రి ఎవరంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. స్పీకరు ఎవరంటే తెల్లగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి. మరి మన వాడ పిల్లడు? వాడు మార్షల్. గొడవ చేసిన ప్రతిపక్ష సభ్యుణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళే వేషం. డైలాగు ఉండదు. లేకపోతే స్పీకరు వస్తున్నారని కేకేసే బంట్రోతు. ఊళ్ళో దండోరా వేసే పని మన తాతలది, సభలో కేకేసే పని మన మనవళ్ళది! ఇక బిల్లు సంగతంటారా, ప్లాస్టిక్ నిషేధం, చెట్ల పెంపకం, సెల్‌ఫోన్ల అదుపు. ఇవి వద్దని కాదు. ఎవరికీ నొప్పి పుట్టని బిల్లులనే ఏరి తెస్తారని అంటున్నాం.

ఒకసారి మా హాస్టలు పిల్లలు సొంతంగా ఒక బిల్లు రాసుకుని పోటీకి వెళ్ళారు. మెస్ ఛార్జీలు ధరల సూచీతో పాటు ఏటేటా పెరగాలన్నది దాని సారం. లెక్కలు కూడా వేశారు. పప్పు కిలో ఎంత, గుడ్డు ఎంత, తలకు రోజుకి ఎంత వస్తోంది, ఎంత తక్కువ పడుతోంది అని. పెద్దమనుషులు చూసి ‘ఇది వివాదాస్పదం, వేరే టాపిక్ తీసుకోండి’ అన్నారు. అప్పటికప్పుడు నీటి పొదుపు మీద స్క్రిప్టు చేతిలో పెట్టారు. ఆకలి వివాదాస్పదమట!

అమెరికాలో హైస్కూలు పిల్లలకు కాంగ్రెషనల్ డిబేట్ అనే పోటీ ఉంది. 1930ల నుంచీ నడుస్తోంది. అక్కడ బిల్లులు పిల్లలే రాసుకొస్తారు. సభాధ్యక్షుణ్ణి వాళ్ళలోంచే ఎన్నుకుంటారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఆ తర్వాత ప్రశ్నలు, ఆఖర్న ఓటింగు. అక్కడి తెలుగోళ్ళ పిల్లలు కూడా ఇలాంటి పోటీలకు వెళుతుంటారు. వాళ్ళలో మన వాడల నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలెందరో మేం చెప్పాలా? డబ్బున్న బడులదే అక్కడా పైచేయి. అయినా అక్కడి బిల్లు నమూనాలో మాకు నచ్చిందొకటుంది. ఏం చేయాలో రాస్తే సరిపోదు. కీలకమైన మాటలకు అర్థం రాయాలి. ఏ ఆఫీసు అమలు చేస్తుందో రాయాలి. ఏ తేదీ నుంచో రాయాలి. ఇవన్నీ ఉంటేనే అది బిల్లు, లేకపోతే ఉపన్యాసం.

మన బతుకులు ఈ మాటల మధ్యే ఇరుక్కుని ఉన్నాయి కాబట్టి దీన్ని పట్టుకుంటున్నాం. 2013లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది కదా, దాన్ని తీసి చూడండి. మురుగు కాలవలో, సెప్టిక్ ట్యాంకులో ‘ప్రమాదకరమైన శుభ్రత’ నిషేధం అని ఉంటుంది. మంచిదే అనుకుంటాం. వెనక్కి తిప్పి నిర్వచనం చదివితే తెలుస్తుంది. యజమాని రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా మనిషిచేత చేయిస్తేనే అది ప్రమాదకరమైన శుభ్రత. అంటే గ్లౌజులూ మాస్కూ ఇచ్చి మనిషిని దించితే ఆ నిషేధం తగలదు. మనిషి గుంటలోకి దిగడం తప్పని చట్టం అనలేదు, ఉత్త చేతులతో దిగడం తప్పంది. ఈ తేడా పెట్టిన వాక్యం ఎవరో బల్ల ముందు కూర్చుని రాసిందే. రాసిన చోట మన మనిషి ఒక్కడు కూర్చుని ఉంటే, గుంటలో దిగి చచ్చిపోయినవాడి తమ్ముడు ఒక్కడుంటే, ఆ వాక్యం అలా ఉండేదా?

ఇంకొకటి. 1989 అట్రాసిటీ చట్టంలో సెక్షన్ 3 కింద ఒక క్లాజు ఉంది. పదేళ్ళు, ఆపైన శిక్షపడే నేరం ఎస్సీ ఎస్టీల మీద, వాళ్ళు ఆ కులం వాళ్ళు ‘అయిన కారణంగా’ చేస్తే యావజ్జీవం. ‘కారణంగా’ అన్న ఆ ఒక్క మాట చాలు వకీళ్ళకి. చంపింది కులం కోసం కాదు, పొలం తగాదా అంటారు. పాత కక్ష అంటారు. హంతకుడి మనసులో ఏముందో చచ్చినవాడి పెళ్ళాం రుజువు చేయాలి! 2006 సెప్టెంబరు 29న ఖైర్లాంజిలో ఒకే దళిత కుటుంబంలో నలుగుర్ని ఊరు ఊరంతా మీదపడి చంపింది. 2008లో కోర్టు హత్యకు శిక్షలు వేసింది గానీ అట్రాసిటీ చట్టం వర్తించదంది. 2010లో హైకోర్టుదీ అదే మాట. 2015 సవరణలో ఆ మాట తీసి ‘ఎస్సీ ఎస్టీ అని తెలిసి’ అని మార్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఒక్క మాట మార్చడానికి పాతికేళ్ళు పైగా పట్టింది. ఆ పాతికేళ్ళలో ఎన్ని కేసులు ఆ మాట మీద జారిపోయాయో!

తేదీ కూడా చిన్న విషయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉద్యమాల ఒత్తిడి మీద తెచ్చుకున్న ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టానికి పదేళ్ళే ఆయుష్షు అని అందులోనే రాశారు. మనం పటాసులు కాల్చుకున్నాం, ఆ క్లాజు ఎంతమందిమి చదివాం?

అందుకే మొన్న మా సాయంత్రం ట్యూషన్ పిల్లలతో ఒక ముసాయిదా రాయించాం. తొమ్మిది, పది క్లాసుల వాళ్ళు. ఏ బిల్లు కావాలో మీరే చెప్పండి అంటే శ్మశానం అన్నారు. మేం చదువు మీద అడుగుతారనుకున్నాం. ‘దళితవాడల శ్మశాన స్థలాల బిల్లు’ అని పేరు పెట్టారు. మొదటి క్లాజు ప్రతి వాడకీ శ్మశానం ఉండాలని. అంతలో ఒక పిల్ల లేచి ‘మా వాడకి శ్మశానం ఉంది సార్, దారే లేదు’ అంది. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు నాట్లేసిన మళ్ళ గట్ల మీద పాడె మోసుకెళ్ళారట. ఆసామి వచ్చి మడి తొక్కారని తిట్టాడట. అక్కడ మొదలైంది గొడవ. గంటసేపు వాదించుకుని నిర్వచనం ఇలా రాశారు: శ్మశానం అంటే, పాడె మోసేవాళ్ళు ఇద్దరిద్దరు పక్కపక్కన నడిచిపోగలిగిన దారి, ఎవరి పొలంలోనూ దిగకుండా, ఉన్న స్థలం. మేం లా చదివిన మిత్రుడికి చూపిస్తే ఒక్క అక్షరం మార్చలేదు.

అమలు ఎవరు చేయాలి? తాసీల్దారు. ఎన్నాళ్ళలో? తొంభై రోజుల్లో. చేయకపోతే? ఇక్కడ పిల్లలు రెచ్చిపోయారు. జీతం ఆపాలన్నారు, జైల్లో వేయాలన్నారు, ఒకడైతే ఆయన్ని కూడా ఆ గట్ల మీదే నడిపించాలన్నాడు. అప్పుడు అట్రాసిటీ చట్టం సెక్షన్ 4 చదివి వినిపించాం. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ ఎస్టీ కాని ఉద్యోగికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు ఉంది. ‘మరింకేం’ అన్నారు. దాని కిందే, శాఖాపరమైన విచారణ సిఫార్సు చేస్తేనే అభియోగం పెట్టాలని ఉన్న ముక్క కూడా చదివాం. ‘అంటే ఎమ్మార్వో తప్పు చేశాడో లేదో వాళ్ళాఫీసర్లే చెప్పాలా సార్?’ అని అడిగాడు ఒక కుర్రాడు. చట్టం మీద ఇంతకంటే సూటి ప్రశ్న మేం ఏ సెమినార్లోనూ వినలేదు. వాళ్ళ బిల్లులో ఆ విచారణ కమిటీలో సగం మంది ఆ వాడ ఆడవాళ్ళే ఉండాలని రాసుకున్నారు.

‘ఇదంతా ఆటే కదండీ, పాసయ్యేదా పెట్టేదా’ అని మన మాస్టార్లే కొందరు అంటున్నారు. పాసవదు. బాబాసాహెబ్ 1937లో బొంబాయి అసెంబ్లీలో ఖోతీ రద్దు బిల్లు పెట్టినప్పుడూ పాసవలేదు. కొంకణంలో రైతుకీ సర్కారుకీ మధ్య కూర్చుని శిస్తు పిండుకునే ఖోత్‌లను తీసేయాలన్న బిల్లది. అప్పుడున్నది కాంగ్రెసు మంత్రివర్గం, దాన్ని పక్కన పడేసింది. కానీ ఆ బిల్లు పట్టుకునే 1938 జనవరిలో వేలమంది కొంకణ రైతులు బొంబాయిలో ఊరేగింపు తీశారు. మాకేం కావాలో ఇదిగో కాగితం మీద ఉంది, మీరెందుకు కాదంటున్నారో చెప్పండి అని అడగడానికి వాళ్ళకి ఆ బిల్లు పనికొచ్చింది. ఖోతీ రద్దు చట్టం 1949లో గానీ రాలేదు. మన శ్మశానం బిల్లు కూడా అలా పనికొస్తుంది. పిల్లలు దాన్ని గ్రామసభలో చదువుతామంటున్నారు. సర్పంచి చదవనిస్తాడో లేదో చూడాలి.

వచ్చే సంచికలో ఆ ముసాయిదా మొత్తం అచ్చేస్తున్నాం. మీ ఊళ్ళ పిల్లలు కూడా రాయాలి. హాస్టలు బాత్రూముల మీద కావచ్చు, స్కాలర్‌షిప్పు రాలేదని సర్టిఫికెట్లు ఆపుకునే కాలేజీల మీద కావచ్చు, జోగినీల పిల్లల మీద కావచ్చు. కాగితానికి ఒకవైపే రాయమనండి. నిర్వచనం, అమలు చేసే అధికారి, గడువు, చేయకపోతే శిక్ష, డబ్బు ఎక్కడినుంచి, ఈ ఐదూ ఉండాలి. వాడి పేరు, క్లాసు, ఊరు రాస్తే చాలు. అక్షర దోషాలు మేం చూసుకుంటాం. మాస్టార్లు మాత్రం చెయ్యి పెట్టొద్దు.