వర్తకుని జాబు

సరకు అమ్ముకొనుటకు వ్రాయు జాబు బడిలో నేర్పదగినది కాదని నేను చాలకాలము తలంచితిని. తరగతిలో సెలవుచీటి వ్రాయించితిని. మిత్రునకు లేఖ వ్రాయించితిని. నేతపనివాని బిడ్డచేత, తండ్రి నేసిన గుడ్డను గూర్చి నాలుగు వాక్యములు వ్రాయింపనైతిని. అది లోపమేయని యిప్పుడు తోచుచున్నది.

మానేటి యొడ్డున నున్న సిరిసిల్లను చూడుడు. అచ్చట వేలకొలది మరమగ్గములున్నవి. 2017లో రాష్ట్ర ప్రభుత్వము బతుకమ్మ పండుగకై చీరలు నేయింప మొదలిడగా ఆ యూరికి చేతినిండ పని దొరకెను. 2024లో ఆ పని లేక పెక్కు మగ్గములు ఆగిపోయెను. ఒక్కరే కొనువారైనప్పుడు నేతపనివారి బ్రతుకు ఇట్లే యుండును. వేరు వేరు ఊళ్ల దుకాణదారులు పదిమంది ఆ గుడ్డను ఎరిగియుండిన, ఒకరు మానినను మరియొకరు కొందురు. దూరముననున్న ఆ పదిమందికి గుడ్డను ఎరుకపరచునది జాబే.

అయితే ఎట్టి జాబు? "మా చీర పట్టును మించినది" అని వ్రాసినది వ్యర్థము. సిరిసిల్ల మరమగ్గములపై నేయునది చాలవరకు పాలిస్టరు. దానిని పాలిస్టరనియే చెప్పవలెను. "నిడివి ఐదున్నర మీటర్లు, రవికగుడ్డ వేరుగా 80 సెంటీమీటర్లు, ఉతికిన త్వరగా ఆరును, ముడుత పడదు, చెమటను మాత్రము పీల్చదు" అని వ్రాసిన చాలును. ఆ చివరి మాట ఏలయని మీరడుగవచ్చును. దుకాణదారునకు అది ముందే తెలియును. మనము దాచితిమా, తక్కిన మాటలను కూడ ఆతడు శంకించును.

నా చిన్నతనమున దూరపు పట్టణపు దుకాణమొకటి పంపిన రంగుల కాగితము చదివి, వి.పి.పి. ద్వారా పంచె తెప్పించుకొంటిని. వర్ణన ప్రబంధమును తలపించుచుండెను. పంచె మోకాళ్లు దాటలేదు. ఇంటిల్లిపాది నవ్విరి గాని, పోయిన డబ్బు మా నాయనది. ఆ దుకాణమునకు మా యూరినుండి మరల ఎవ్వరును వ్రాయలేదు.

వర్ణనకంటె నమూనా మేలు. 1893లో అమృతాంజనమును స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టించిరని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవానికి ప్రకటనతో పనిలేదు గదా! జానెడు గుడ్డముక్కను జతపరచిన జాబును అట్టిదే.

సరకును బట్టి జాబు మారును. జగిత్యాల మామిడిని గూర్చి వ్రాయునప్పుడు కాయ ఏ దినమున కోసినదో, ఎన్ని దినములకు పండునో ముందు చెప్పవలెను. అది ఆగు సరకు కాదు. కోరుట్ల పసుపునకు అంత తొందర లేదు. అది కొమ్మా, మండయా, బాగుగా ఎండినదా యని కొనువాడు చూచును.

నేడు జాబు చేతిఫోనులోను పోవుచున్నది. చిత్రమును పంపవచ్చును, కాని చిత్రములో గుడ్డరంగు ఒకింత మారును. ఆ మాటయు వ్రాయుడు. మీ యింట నేయునదో పండించునదో ఉన్నచో, కొలతయు ధరయు పెద్దలనడిగి, పది పంక్తులలో ఒక జాబు వ్రాసి చూడుడు. ధరను చివరి పంక్తిలో దాచకుడు. కొనువాడు ముందు వెదకునది దానినే.