గీసిన చేతికి గుడిలో చోటేది?

డిసెంబరు మొదటి వారంలో ఏ ఊళ్లోనైనా ఫ్లెక్సీ షాపు ముందు కాసేపు నిలబడండి. సంఘ పెద్ద ఫోనులో వెతికి ఒక బొమ్మ చూపిస్తాడు. బంగారు రంగు జుట్టు, నీలి కళ్లు, వెనక ఏదో దేశపు మంచుకొండలు. చుట్టూ పాస్టరుగారి ఫొటో, ప్రసంగీకుడి ఫొటో, దాతల ఫొటోలు. పావుగంటలో పని అయిపోతుంది. అదే సంఘంలో బాప్తిస్మం తీసుకుని, చిన్నప్పటి నుంచి బొమ్మలు గీస్తున్న కుర్రాడు పక్క వీధిలోనే ఉంటాడు. అతనికి కబురొచ్చేది పశువుల పాకకు రంగు కాగితాలు అంటించడానికే. డబ్బు మాటెత్తితే, "దేవుని సేవే కదా బాబూ" అంటారు.

మా అభియోగం ఈ మాట మీదే. సౌండ్ బాక్సులకు, ఎల్‌ఈడీ తెరకు, జనరేటరుకు అద్దె ముందే చెల్లుతుంది. వాటి యజమానులకు సేవ గురించి ఎవరూ బోధించరు. పాట రాసినవాడికి, బొమ్మ గీసినవాడికే ఆ బోధ. పనివాడి కూలి బిగబట్టడం పాపమని యాకోబు పత్రిక తెరిచి ప్రసంగించే నోళ్ల నుంచే ఈ మాట రావడం సిగ్గుచేటు.

తెలుగు సంఘం మొదట్లో ఇలా లేదు. పురుషోత్తమ చౌదరి పంతొమ్మిదో శతాబ్దంలోనే క్రీస్తు కథను మన రాగతాళాల్లో కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం, చివర రాసినవారి పేరు కనిపిస్తాయి. ఆ పేరుకు ఆ చోటు దక్కాలని ఆనాటి పెద్దలకు తోచింది. ఈనాడు యూట్యూబులో ఎన్నో పాటల కింద పాడినవారి పేరు, ఛానల్ పేరు ఉంటాయి గానీ రాసినవారి ఊసుండదు.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌ను చూసినవారికి ఇంకో సంగతి తెలుస్తుంది. బిషప్ అజరయ్య ఇంగ్లండు చర్చి నమూనాను దించలేదు. ఆలయ స్తంభాలనూ, మసీదు గుమ్మటాలనూ ఒకే కట్టడంలో కలిపారు. క్రైస్తవం పరాయిదనే నిందకు అంత గట్టి జవాబు ఏ ఉపన్యాసంలోనూ లేదు. ఆ జవాబు చెప్పింది ఉలి.

జాషువాను తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి ఊరు ఊరంతా కళ్లు తుడుచుకున్నది ఆయన పద్యాలకు. కులం పేరుతో బయటివాళ్లు ఆయన్ను అవమానిస్తే, పురాణాలు చదివాడని సొంతవాళ్లూ దూరం పెట్టారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన సండే స్కూలు పిల్లల్లో ఆ కావ్యం పేరు విన్నవారెందరు?

లూథరన్ పాస్టరు పులిదిండి సాల్మన్ రాజు బాటిక్ పనిలో మేటి. వేడి మైనంతో గుడ్డ మీద గీత గీసి రంగులో ముంచుతారు. ఆరిన మైనం చిట్లిన చోటల్లా రంగు దూరి, ఎండకు బీటలు వారిన మడిలా సన్నని గీతలు పడతాయి. సువార్త కథలు ఆయన చేతిలో మన నేల మనుషుల కథలయ్యాయి. విదేశాల్లో ఆ బొమ్మల ప్రదర్శనలు జరిగాయి. 2019లో ఆయన కన్నుమూశారు. మన మందిరాల గోడల మీద ఆ బొమ్మలు ఎన్ని ఉన్నాయో పెద్దలే చెప్పాలి.

బొమ్మంటే విగ్రహారాధన అవుతుందని కొందరి భయం. ఆ భయం నిజమైనదైతే ఫ్లెక్సీ మీది బొమ్మకూ వర్తించాలి కదా! నిర్గమకాండంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు బంగారం, వెండి, రాయి, కర్రతో పనిచేసిన చేతిపనివాడు. ఆ అధ్యాయం మన ప్రసంగ వేదికల మీద నుంచి ఎంత అరుదుగా వినబడుతుంది!

కుర్రాళ్లు ఊరుకోరు. సినిమా సెట్లకూ, యానిమేషన్ కంపెనీలకూ పోతున్నారు. అక్కడ వాళ్ల పనికి వెల ఉంది, తెర మీద పేరుంది. 'కరుణామయుడు'కు పాట రాసిన మోదుకూరి జాన్సన్ సినిమా కవి. గుడ్ ఫ్రైడే నాడు ఆ పాట మైకులో పెట్టుకునే సంఘాలు, ఈ తరంలో అలాంటివాడు తమ బెంచీల మీద కూర్చుని ఉన్నాడేమోనని తలెత్తి చూడటం లేదు.

సంవత్సరాంతపు లెక్కలు చదివే ఆదివారం దగ్గరపడుతోంది. సౌండ్‌కు ఇంత, టెంటుకు ఇంత, ఫ్లెక్సీలకు ఇంత అని కోశాధికారి చదువుతుంటే, పాట రాసినవారికి ఎంత, బొమ్మ గీసినవారికి ఎంత అని ఒక్కరైనా లేచి అడగాలి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించాలి.