మనుమడికి తెలుగు పోయిందా?

హోసూరు దాపున ఒక పల్లెలో ఈ మధ్య ఒక పెద్దామె నన్ను నిలదీసినట్లే అడిగింది: "మా మనవడు నేను చెప్పేదంతా తెలుసుకొంటాడు. జవాబు మాత్రం తమిళంలోనే ఇస్తాడు. వానికి తెలుగు పోయినట్లేనా నాయనా?" ఆమె తెలుగులో చెప్పిన పనిని ఆ పిల్లవాడు తడుముకోకుండా చేసుకొని వచ్చాడు. అయినా ఒక్క తెలుగు మాట వాని నోట రాలేదు. తమిళం స్థానంలో కన్నడమో ఒడియానో మరాఠీయో పెట్టుకొంటే, ఇది బళ్ళారిలోనూ బరంపురంలోనూ సిరొంచలోనూ మన పాఠకుల ఇళ్ళలో వినబడే ప్రశ్నే. ఆనాడు ఆమెకు ధైర్యం చెప్పి వచ్చాను గాని, ఆ ధైర్యానికి ఆధారమేమిటో తరువాత వెదకవలసి వచ్చింది.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నవి. ఒక కణం మరొక కణంతో మాట్లాడే చోటును నాడీసంధి అంటారు. అక్కడ రెండు కణాల నడుమ ఎడం మిల్లీమీటరులో యాభైవేలవ వంతు మాత్రమే. నేర్వడమంటే కొత్త కణాలు పుట్టడం కాదు, ఉన్న కణాల నడుమ సంబంధాలు బలపడడమేనని స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కాహాల్ 1894లోనే ఊహించాడు. ఒక కణం పదేపదే మరొకదానిని రేపడంలో పాలుపంచుకొంటే వాటి నడుమ దారి సుగమమవుతుందని కెనడాకు చెందిన డొనాల్డ్ హెబ్ 1949లో ఒక సూత్రంగా ప్రతిపాదించాడు.

ఆ ఊహను కంటికి కనబడేలా చేసినది ఒక సముద్రపు నత్త. 2000లో నోబెల్ బహుమానం పొందిన ఎరిక్ కాండెల్ ఎంచుకొన్న ఈ ప్రాణి ఒంటిని తాకితే మొప్పను లోనికి ముడుచుకొంటుంది. హాని లేని ఆ తాకుడును పదిసార్లు చేస్తే అది పట్టించుకోవడం మానేస్తుంది గాని, కొద్దిసేపటికే మళ్ళీ మామూలవుతుంది. అటువంటి పాఠాలనే నాలుగింటిని ఎడం ఇచ్చి చెబితే ఆ నేర్పు మూడు వారాల దాకా నిలుస్తుంది. కాండెల్ బృందం స్పర్శను తెలిపే నాడీకణాలను సూక్ష్మదర్శినితో లెక్కించి చూసింది. మామూలు నత్తలో ఒక్కొక్క కణానికి దాదాపు 1,300 సంధికొనలున్నవి. తాకుడును లెక్కచేయడం మానిన నత్తలో అవి 850కి తగ్గినవి. బెదిరింపు ద్వారా జాగ్రత్త నేర్చిన నత్తలో 2,700కు పెరిగినవి. నేర్పు నిలిచినప్పుడు మెదడు రూపమే మారుతుందన్నమాట. నత్తకు మనకు పోలికేమిటని నవ్వేవారుంటారు. నేనూ మొదట నవ్వినవాణ్ణే.

మన జ్ఞాపకాలకు తొలి నెలవైన హిప్పోకాంపస్ వంటి భాగాలలో ఈ పని మరొక తీరున సాగుతుంది. పంపే కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అందుకొనే కణం మీద దానిని పట్టే గ్రాహకాలుంటాయి. వాటిలో ఒక రకానికి మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. రెండు కణాలూ ఒకేసారి చురుకుగా ఉన్నప్పుడే ఆ బిరడా తొలగి, కాల్షియం లోనికి వస్తుంది. అది ఉరవడిగా వస్తే కణం మరిన్ని గ్రాహకాలను సంధి వద్ద నిలుపుతుంది, సంధి బలపడుతుంది. మందకొడిగా, చాలాసేపు వస్తే ఉన్నవాటినే లోనికి లాక్కొంటుంది, సంధి బలహీనపడుతుంది. ఈ బలపడడం గంటల తరబడి నిలుస్తుందని కుందేళ్ళలో గమనించి బ్లిస్, లోమో అనే ఇద్దరు 1973లో ప్రకటించారు. నేర్వడం ఎంత సహజమో సడలడమూ అంత సహజం. రెండూ ఒకే యంత్రం పనులు.

ఇక పిల్లల సంగతి. పాట, పాత అనే మాటలలో ట, త ల తేడా మనకు పుట్టుకతో వచ్చినట్లే ఉంటుంది. వాంకూవర్‌లో ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసివాళ్ళకు హిందీలోని ఇటువంటి ధ్వనులనే జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ వినిపించి 1984లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలలో చాలామంది తేడా పట్టుకొన్నారు. పది పన్నెండు నెలల వారిలో అది పట్టినవారు కొద్దిమందే. ఇంట వినబడని తేడాను చెవి ఏడాది నిండకుండానే వదులుకొంటున్నది.

వదులుకొన్నది పూర్తిగా పోయినట్లేనా? ఆ పెద్దామె ప్రశ్న ఇదే గదా. కొరియాలో పుట్టి ఫ్రాన్సులో దత్తతకు పోయిన ఎనిమిది మంది మెదళ్ళను పరిశీలించిన 2003 నాటి అధ్యయనంలో కొరియన్ భాష జాడ కనబడలేదు. కాని 2014లో మాంట్రియల్ పరిశోధకులు, పసితనంలోనే చైనా నుంచి ఫ్రెంచి ఇళ్ళకు వెళ్ళిన 9 నుంచి 17 ఏళ్ళ బాలికలకు చైనీస్ స్వరాలను వినిపించినప్పుడు, ఒక్క మాట గుర్తులేని ఆ పిల్లల మెదళ్ళు రెండు భాషలూ వచ్చిన పిల్లల మెదళ్ళలాగే స్పందించినవి. ఫ్రెంచి మాత్రమే ఎరిగిన పిల్లల మెదళ్ళలా కాదు. మన పల్లె పిల్లవాని స్థితి వీరికన్నా ఎంతో మేలు. వాడు రోజూ వింటున్నాడు. వినే దారి చెక్కుచెదరలేదు. పలికే దారి, చదివే దారి మాత్రమే నడక లేక సన్నగిల్లినవి. ఒకసారి నేర్చి మరచినదానిని తిరిగి నేర్వడానికి మొదటిసారికన్నా తక్కువ శ్రమ చాలునని జర్మనీలో ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగించుకొని చూపాడు.

ఇక్కడే మనతో వాదించేవారు మాట అందుకొంటారు: "ఇంట్లో మాట్లాడుకోండి, బడిలో ఎందుకు?" అని. ఎడమెడంగా, ఏళ్ళ తరబడి, ప్రతి పిల్లవానికీ అందే పాఠం బడి తప్ప మరెవరివల్లనూ కాదు. సెలవులలో పదిరోజులు నడిపే మన శిబిరాలూ, నిజం చెప్పాలంటే, నత్తకు ఒక్కపూట చెప్పిన పాఠం వంటివే. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించమంటున్నది. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి మెట్టుమెట్టుగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం లేదు, ఉండరాదు. మెదడు అద్దెకొంప కాదు, ఒకరు దిగాలంటే మరొకరిని ఖాళీ చేయించడానికి. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువురానివారిలోనూ ఆలస్యం కనబడింది. తెలుగు పీరియడును తీసివేసి ఆ గంటను మరొక పాఠానికిచ్చే పద్ధతినే మనం కాదంటున్నాము.

ఒక హెచ్చరిక నాకు నేనే చేసుకొంటున్నాను. మన హక్కును నాడీకణాల మీద నిలబెట్టనక్కరలేదు. ఈ ప్రయోగాలన్నీ రేపు తప్పని తేలినా, పిల్లవానికి తన అమ్మనుడిలో చదివే హక్కు తగ్గిపోదు. అయితే బడి కోసం పోరాడేలోగా పిల్లవాని ఈడు ఆగదు. ఆ పెద్దామెకు మళ్ళీ కబురు పంపాను: మనవడు తమిళంలో జవాబిస్తే కోప్పడవద్దని, అదే జవాబును తెలుగులో మెల్లగా అందించి వానిచేత ఒకసారి పలికించమని, రోజూ పది నిమిషాలకు మించవద్దని. వచ్చే సంచిక నుంచి వెనుక అట్టమీద రోజుకు నాలుగు పంక్తుల చొప్పున నెలకు సరిపడా చదువుపాఠం పెద్ద అక్షరాలలో అచ్చువేస్తాము. గోడకు అతికించుకోవడానికి వీలుగా ఆ పుటకు రెండోవైపు ఏమీ ఉండదు.