విశ్వాసమునకు వీడ్కోలు

అనంతగిరి కొండల దాపుననున్న వికారాబాదు పల్లెలలోను, కందులకును నాపరాళ్ళకును పేరుపొందిన తాండూరు ప్రాంతమునను కుక్కను పెంచు ఇండ్లు అనేకము కలవు. కందిచేను కాపునకు వచ్చినపుడు గట్టుమీదను, రాత్రివేళ పశువుల కొట్టము వద్దను అది కావలి కాయును. అది కోరు కూలి గుప్పెడు మెతుకులు, ఒక మంచి మాట.

కాని కుక్క ఆయువు స్వల్పము. సాధారణముగా పది పండ్రెండేండ్లకే దానికి ముసలితనము పైబడును. చూపు మసకబారును, చెవులు మందగించును, నడక తడబడును. పసితనమున పిల్లవానితో ఆడిన కుక్క, వాడు ఉన్నత పాఠశాలకు వచ్చునప్పటికి వృద్ధాప్యమున అడుగిడును. ఆ యింటివారి ధర్మబుద్ధికి పరీక్ష అప్పుడే ఎదురగును.

కొందరు అట్టి కుక్కను బండిలో ఎక్కించి, ఊరికి దూరముగా విడిచి వత్తురు. కాపలాకు పనికిరాని కుక్కకు కూడు దండుగ యని వారి వాదము. పేదయింటిలో ఒక్క ముద్దయైనను బరువే యను మాట నిజము. అయినను పదేండ్లు రాత్రులు మేలుకొన్న ప్రాణి ఆ ముద్దను ముందుగనే సంపాదించుకొన్నది. అది భిక్షము కాదు, బాకీ. ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో జంతువును విడిచిపెట్టుట నేరమని 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము కూడ చెప్పుచున్నది.

ఈ ధర్మము క్రొత్తది కాదు. మహాభారతమున ధర్మరాజు, తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో పలికెను. అది ధర్మదేవతయని యాతడెరుగడు. వట్టి కుక్క యనియే తలచెను. ఆ నిశ్చయము గొప్పతనమంతయు అందే కలదు. కర్ణాటకమునందలి ఆతకూరున, అడవిపందితో పోరాడి మరణించిన కాళి యను వేటకుక్క జ్ఞాపకార్థము క్రీ.శ. 950 ప్రాంతమున శిలాశాసనము నిలిపిరి. ఆ శిలపై కుక్కయు పందియు పోరాడు దృశ్యము నేటికిని కానవచ్చును.

మరి నేటివారు చేయదగినదేమి? జబ్బుపడిన కుక్కను పశువైద్యునికి చూపవలెను. నయముకాని బాధ కలిగినపుడు నొప్పి తెలియని మరణము నిచ్చు ఉపాయము వైద్యశాస్త్రమున కలదు. అది క్రూరత్వము కాదు. వైద్యుడు అవసరమని చెప్పినపుడు అదియు దయయే. అంత్యకాలమున దానికి తెలిసిన చేయి దాని తలపై నుండవలెను. కుక్క యెక్కడికో పోయినదని పిల్లలతో బొంకరాదు. బొంకినచో వారు రేపు మాపు దానికొరకు వీధిలో ఎదురు చూతురు. నిజము చెప్పినచో ఏడ్తురు, ఏడ్చి తేరుకొందురు. ఆ కన్నీరు సిగ్గుపడదగినది కాదు.

కడపట దానిని బావులకు దూరముగా లోతైన గోతిలో పూడ్చి, పైన ఒక నాపరాతి ముక్క నుంచిన చాలును. పేరు చెక్కింపనక్కరలేదు. బలముగల నాడు సేవ గొని, బలహీనమైన నాడు త్రోసిపుచ్చుట ప్రేమ యనిపించుకొనదు. ముసలి కుక్కను చివరివరకు కాచిన యింట పెరిగిన పిల్లలు, ముసలివారిని కాచుట వేరుగా నేర్వనక్కరలేదు.