కంప్యూటర్ పరిచయం: పెద్ద అంకె, చిన్న వేగం

పాత డిస్కులలోని దస్త్రాలను కొత్త యంత్రాలకు మార్చుతున్న సహోద్యోగులకు ఈ పర్యాయం ఒక సూచన చేయదలచాము. పరికరాలపై ముద్రించిన వేగపు అంకెలను యథాతథంగా పోల్చరాదు.

యు.ఎస్.బి. 2.0కు 480 అనీ, ఏ.టి.ఏ. 133కు 133 అనీ చూడగానే మొదటిదే మిన్న అనిపించును. కాని మొదటిది సెకనుకు మెగాబిట్ల లెక్క, రెండవది మెగాబైట్ల లెక్క. 8 బిట్లు ఒక బైటు గనుక 480 మెగాబిట్లు 60 మెగాబైట్లకే సమానం. తొలి సీరియల్ ఏ.టి.ఏ. వేగం 1.5 గిగాబిట్లైనను, బైటుకు 10 బిట్లు పంపును గనుక 150 మెగాబైట్లే చేరును.

1998 నాటి యు.ఎస్.బి. 1.1 వేగం 1.5 మెగాబైట్లే. దాని ద్వారా 40 గిగాబైట్ల డిస్కు ఖాళీ అగుటకు 7 గంటలకు పైగా పట్టును. అరిగిన డిస్కు అంతసేపు తిరుగునన్న భరోసా లేదు. ఏ.టి.ఏ. 66, ఆపై రకాలకు 80 తీగల కేబులు వాడవలెను. 40 తీగలదైతే వేగం 33 దాటదు.

ఇవన్నియు గరిష్ఠ పరిమితులే. బాట ఎంత వెడల్పైనను బండి తన శక్తిని మించి పరుగెత్తదు. కనుక సేవాపుస్తకాలు, భవిష్యనిధి లెక్కలు మొదలైన, వేరొక ప్రతి లేని దస్త్రాలనే ముందుగా తీసి భద్రపరచవలెనని మా మనవి.